‘సారు’ అను మాట పూర్వాపరములు

మన తెలంగాణమున నేడు చదువు వచ్చినవారును రానివారును సమానముగా వాడు ఆంగ్లపద మేదియని యడిగినచో, ‘సారు’ అని సందేహింపక చెప్పవచ్చును. బడిపిల్లవాడు పంతులును సారు అనును. రైతు తహసీలు కచ్చేరిలోని గుమాస్తాను సారు అనును. ఆ గుమాస్తా తన పై యధికారిని సారు అనును. ఆ యధికారి కలెక్టరును, కలెక్టరు మంత్రిని సారు అనును. ఈ మాట నిచ్చెన మెట్లమీదుగా పైకి ఎక్కుచున్నదే గాని క్రిందికి దిగుట అరుదు. ఇంత వాడుకలోనున్న మాట ఎక్కడ పుట్టినది, ఏ దారిని వచ్చినది, మన నడుమ నేమి పని చేయుచున్నది అని విచారించుట కేవలము భాషావేత్తల వినోదము కాదు. అది మన గృహములకును, బడులకును, కచ్చేరులకును సంబంధించిన ప్రశ్న. మా సిద్ధాంతమును ముందే మనవి చేయుదుము. ఈ మాటకు బడిలో నొక యర్థమును, కచ్చేరిలో దానికి విరుద్ధమగు వేఱొక యర్థమును గలవు. మొదటిది నిలుపుకొనదగినది. రెండవది విడువదగినది.

ముందుగా పుట్టుకను చూతము. ఆంగ్లేయుల ‘సర్’ స్వతంత్రముగా పుట్టిన మాట కాదు. రాజులను సంబోధించు ‘సైర్’ అను మాట, నొక్కి పలుకనిచోట కుఱుచయై ‘సర్’ అయినది. ‘సైర్’ ఫ్రెంచివారి సొమ్ము. ఫ్రెంచివారి కది లాటిను భాషలోని ‘సెనియొర్’ అను పదమునుండి వచ్చినది. లాటినున ‘సెనెక్స్’ అనగా ముసలివాడు; ‘సెనియొర్’ అనగా ఇంకొకనికంటె వయసున పెద్ద. అంతకు మించి అందేమియు లేదు. కిరీటము లేదు, కత్తి లేదు, కుర్చీ లేదు. ఇటలీవారి ‘సిన్యోర్’, స్పెయినువారి ‘సెన్యోర్’, ఫ్రెంచివారి ‘మొస్యూ’లోని ఉత్తరభాగము, అన్నియు ఈ తల్లి బిడ్డలే. రోమునగరమున పెద్దల సభకు ‘సెనేటు’ అను పేరు వచ్చినదియు ఈ మూలమునుండియే. మన కచ్చేరులలో ‘సీనియర్ అసిస్టెంటు’ అని బల్లపై వ్రాసికొందురే, ఆ ‘సీనియర్’ గూడ ‘సర్’కు తోబుట్టువు. సంస్కృతము చదివినవారికి మఱియొక చుట్టఱికము తోపక మానదు. వేదభాషలో ‘సన’ శబ్దమునకు ప్రాచీనమని యర్థము. ‘సనాతన’ శబ్దము దానితో చేరినదే. లాటిను ‘సెనెక్స్’కును ఈ ‘సన’కును మూల మొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞు లంగీకరించినారు. కావున ‘సారు’ను సరిగా తెలిగించినచో ‘పెద్దయ్య’ యగును. ఈ తెలుగుమాటను చదువరులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. దీనితో మాకు ముందు పని గలదు.

ఈ పెద్దయ్య ఇంగ్లండున నడచిన నడక విచిత్రమైనది. 1300 ప్రాంతమునకే అది నైటు బిరుదము పొందినవాని పేరుకు ముందు చేరినది. 1611లో ఒకటవ జేమ్సు రాజు బేరొనెట్టు అను వంశపారంపర్యపు హోదాను కల్పించి, దానిని పొందినవారికిని ‘సర్’ను జోడించెను. ఖజానాకు ధనము కావలసివచ్చి అమ్మిన హోదా అది. వేఱొకవైపున, పట్టభద్రులను, ఊరి పాదిరులను గూడ ‘సర్’ అను వాడుక యుండెను. షేక్స్పియరు వ్రాసిన ‘ది మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాటకములోని సర్ హ్యూ ఎవాన్సు నైటు కాడు; ఊరి పాదిరి. ఆ నాటకమున నొకచోట ఆయన ఒక బాలునిచేత లాటిను వ్యాకరణము నప్పగించుకొనుచు కనబడును. మన ‘బడి సారు’నకు ఇంతకంటె తగిన పూర్వికుడు దొరకడు. ఇంక ఈ మాట కడుపున పుట్టిన రెండు పదములను చూడుడు. పదునాఱవ శతాబ్దమున ‘సర్రా’ అను రూపము వచ్చినది. సేవకులను, పిల్లలను, తక్కువవారని తలచినవారిని గద్దించి పిలుచుటకు దానిని వాడిరి; మన ‘ఓరి’, ‘ఏరా’ వంటిది. ఆ శతాబ్దమందే ‘సర్’వలె ప్రవర్తించువాడు అను నర్థమున ‘సర్లీ’ అను విశేషణము పుట్టినది. మొదట దానికి ప్రభువువలె దర్పము చూపువాడని యర్థము. రానురాను ముఖము ముడుచుకొని కసరువాడని యర్థమైనది. పెద్దఱికము అధికారముతో చేరినప్పుడు తుదకేమగునో ఇంగ్లీషు నిఘంటువే సాక్ష్యము చెప్పుచున్నది.

ఈ గతి ‘సర్’కు ఒక్కదానికే పట్టలేదు. ‘సాహేబు’ అరబ్బీ పదము. ‘సాహిబ్’ అనగా తోడుండువాడు, సహచరుడు. మహమ్మదు ప్రవక్త సహచరులకు ‘సహాబా’ అను పేరు ఈ ధాతువునుండియే వచ్చినది. అట్టి స్నేహితుడు హిందూస్థానమున యజమాని యైనాడు. ‘మిస్టర్’ అనునది ‘మాస్టర్’ యొక్క తేలికపడిన రూపము. ‘మాస్టర్’ లాటినులోని ‘మగిస్టర్’. దానికి గురువను నర్థము గలదు. కోస్తా జిల్లాలవారి ‘మాస్టారు’ ఆ మాటయే. ‘మేడమ్’ అనగా ‘మా యింటి యేలికసాని’ యని చెప్పవచ్చును. దానికి మూలమగు ‘డొమినా’ గృహస్వామిని, ‘డోముస్’ ఇల్లు, మన ‘దంపతి’ శబ్దమున తొలిభాగమును ఆ యిల్లే. పెద్ద, తోడు, గురువు, గృహిణి అను నాలుగు మంచి మాటలును ఇట్లు యజమానుల వాకిళ్ల కాపలాకు పోయినవి. ఈ మాటలు చెడ్డవి కావు. వానిచేత మనుష్యులు చేయించిన వెట్టి చెడ్డది.

‘సర్’ తెలుగునకు వచ్చి ‘సారు’ అగుట సహజమే. బస్సు, కోర్టు, కారు అనువానివలెనే దీనికిని చివర ఉకారము చేరినది. నడిమి యచ్చు దీర్ఘమైనది. సారును, సారుతో, సార్లు అని విభక్తులును బహువచనమును గలిగినవి. దీనిని పరభాషాపదమని వెలివేయవలెనని మేము చెప్పము. రైలును ధూమశకటమని పిలిచి నవ్వులపాలైనవారి త్రోవ మాది గాదు. మా తగవు ఈ మాట జన్మముతో గాదు. అది కూర్చున్న పీటతో.

ఆ పీటమీద ఇంతకుముందు కూర్చున్న మాట ‘దొర’. తమిళుల ‘దురై’, కన్నడిగుల ‘దొరె’ దీని దాయాదులు. ప్రభువని దీని యర్థము. కోస్తా జిల్లాలలో తెల్లవారిని దొరలనిరి. గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటనునకు 1861లో ‘సర్’ బిరుదము వచ్చినను జనుల నోట ఆయన కాటను దొరయే. నిజాము రాజ్యమున దొర తెల్లవాడు కాడు. మన భాషయే మాటలాడుచు, మన యూరనే గడీ కట్టుకొని, భూమిని, పంటను, మనిషి ఒంటి చాకిరిని తన స్వాధీనమం దుంచుకొన్నవాడు. ‘నీ బాంచెను దొరా, కాల్మొక్త’ అను వాక్యము ఆనాటి సంబోధన వ్యాకరణమంతయు. బాంచ యనగా బానిస. ఎదుటివాడు దొర యగుటకు, పలుకువాడు తన్ను తాను బానిసగా చెప్పుకొనవలసివచ్చెను. ఒకని పేరు హెచ్చుటకు ఇంకొకని పేరు తగ్గవలెను. ఇదియే ఆ సంబోధన కీలకము.

ఈ మాటపై తిరుగబడిన నేల నేటి జనగామ జిల్లాలోనిది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన భూమిలోని పంటను విసునూరు దేశముఖు మనుష్యులు ఎత్తుకొనిపోకుండ, సంఘమువారి తోడ్పాటుతో నిలిచి, ఇల్లు చేర్చుకొన్నది. కడవెండిలో 1946 జూలై 4న దేశముఖు మనుష్యుల తుపాకిగుండ్లకు దొడ్డి కొమరయ్య బలియైనాడు. అటుతరువాత సాయుధమైన రైతుపోరాటము 1951 వరకు సాగినది. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము పడిపోయినది. 1949లో జాగీర్లు రద్దయినవి. ఆ పోరాటపు చరిత్ర వ్రాయువారు భూమిని గూర్చియు, ప్రాణములను గూర్చియు వ్రాయుదురు, వ్రాయవలసినదే. భాషను గమనించు మాబోటివారికి కనబడు ఫలితము మఱియొకటి గలదు. తరతరములుగా ప్రతిదినము పలుకుచు వచ్చిన ‘నీ బాంచెను’ అను మాట జనుల నోటినుండి జారిపోయినది. నేడది పాటలలోను, నాటకములలోను, సినిమాలలోను బ్రదికియున్నది. మనిషి లేచి నిలువబడినపుడు మొట్టమొదట మాఱునది వాని సంబోధన యని దీనివలన తెలియుచున్నది.

అయితే దొర లేచిపోయిన పీట ఖాళీగా నుండలేదు. మన రాష్ట్రమున కలెక్టరు కచ్చేరులలో సోమవారములందు ‘ప్రజావాణి’ పేర జనుల వినతులు తీసికొను ఏర్పాటు గలదు. ఏర్పాటు మంచిదే. ఏ జిల్లాకైనను పోయి, ఆ దినమున వరుసలో నిలిచినవారిని చూడుడు. డెబ్బదియేండ్ల రైతు, చేత ప్లాస్టిక్కు సంచి, సంచిలో పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు కార్డు నకలు, మీసేవలో తీయించిన కాగితములు. బల్ల కావల ముప్పదియేండ్లైన నిండని ఉద్యోగి. రైతు నిలిచియుండును, ఉద్యోగి కూర్చుండియుండును. రైతు ‘సారూ’ అనును. ఉద్యోగి ‘ఏందయ్యా, నీ పనేంది, జెప్పన చెప్పు’ అనును. వృద్ధురాలు వచ్చినచో ‘ఏమే’ అనుటయు గలదు. అందఱు నట్లుందురని మేము చెప్పము. లేచి, కుర్చీ చూపి, ‘కూర్చో అవ్వా’ అను నధికారులును గలరు. కాని వారిని గూర్చి జనులు ఊరికి పోయి కథగా చెప్పుకొందురు. అట్లు కథ యగుటయే అది వాడుక కాదనుటకు గుర్తు.

ఇప్పుడు ‘సర్’ అను మాటకు మేము పైన చెప్పిన యర్థమును తలచుకొనుడు. ఆ గదిలో వయసున పెద్ద యెవరు? పెద్దయ్య యెవరు? మాటయొక్క ధర్మము ననుసరించినచో ‘సారు’ నిలిచియున్నవాడు. ఆ సంబోధన చేయవలసినవాడు కూర్చుండియున్నవాడు. మన మంతటిని తలక్రిందులు చేసితిమి. వయసునకు చెందిన మాటను కుర్చీకి కట్టివేసి, వయసును నిలువబెట్టితిమి.

మహబూబాబాదు జిల్లాలో ఈ తలక్రిందుతన మింకను స్పష్టముగా కనబడును. జనులు నేటికిని మానుకోట యని పిలుచుకొను ఆ సీమలో లంబాడీ తండాలు విస్తారముగా గలవు; కొత్తగూడ, గంగారము మండలముల అడవిపల్లెలలో కోయలు గలరు. తండాలోని పెద్దలు ఇంట మాటలాడునది గోరుబోలి. వారికి కచ్చేరి తెలుగు రెండవ భాష; అందులో కలిసిన ఇంగ్లీషు మూడవది. అట్టి వృద్ధుడు పోడుభూమి పట్టాకొఱకు వచ్చినపుడు, తన హక్కు ఏ చట్టమున నున్నదో చెప్పలేకపోవచ్చును. ‘సారు’ అను మాట మాత్రము వానికి తప్పక వచ్చును. మనము నేర్పిన ఇంగ్లీషు వానికదియే. 2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము, అడవిని నమ్మి బ్రదుకువారికి చరిత్రలో అన్యాయము జరిగినదని తన పీఠికయందే యొప్పుకొన్నది. చట్ట మంగీకరించిన హక్కును కచ్చేరి వాకిట ఈ సంబోధన మరల దానముగా మార్చుచున్నది. హక్కు నడుగువాడు తల యెత్తి యడుగును. దానము నడుగువాడు తల వంచును. ‘సారూ, సారూ’ అని నాలుగుమారులు పిలిచి, మాట వినబడకపోయినను నిలిచియుండు మనిషి తాను హక్కుదారునని యెట్లు తెలిసికొనగలడు?

నోటిమాటయే గాదు, వ్రాతయు నిట్లే యున్నది. దరఖాస్తు పైన ‘అయ్యా’ అని మొదలుపెట్టుదుము; అందు దోషము లేదు. అడుగున ‘ఇట్లు తమ విధేయుడు’ అని ముగింతుము. ఇది ఇంగ్లీషు ఉత్తరముల చివర వ్రాయుచుండిన ‘యువర్ ఒబీడియెంట్ సర్వెంట్’ అనుదానికి వచ్చిన తెలుగు. సేవకుడను ముక్కను మనవారు విడిచిరి గాని విధేయతను విడువలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ప్రభుత్వమును లెక్క చెప్పుమని యడుగు పౌరుడు గూడ ‘తమ విధేయుడు’ అని వ్రాలు చేయుచున్నాడు. ఎవనికి విధేయుడు? తన పన్నులోనుండి జీతము తీసికొనువానికా?

ఇంక బడి సారు సంగతి. భూపాలుడనగా రాజు. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు, రాజును తలపించు పేరుగల భూపాలపల్లికి ముందు ఒక ఉపాధ్యాయుని పేరు చేర్చిరి. కొత్తపల్లి జయశంకరు 1934 ఆగస్టు 6న అక్కంపేటలో జన్మించి, ఆర్థికశాస్త్రము బోధించి, కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియై, 2011 జూన్ 21న మరణించినారు. తెలంగాణమునకు జరిగిన అన్యాయమును లెక్కలతో జనులకు బోధించుట ఆయన జీవితకార్యము. ఆయనను ఉపకులపతి యనువారు తక్కువ. ‘జయశంకర్ సారు’ అనుటయే జనుల వాడుక. పదవి ముగిసిన తరువాతను, ప్రాణము పోయిన తరువాతను ఆ మాట ఆయనను విడువలేదు. కచ్చేరి సారునకు ఇట్లు జరుగదు. ఆయన బదిలీయైన నాడు ఆ మాట కుర్చీయందే మిగిలి, క్రొత్తగా వచ్చినవానికి దక్కును. బడి సారు ఇరువదియేండ్ల తరువాత సంతలో కనబడినను సారే.

పిల్లలు ‘మా సారు’ అందురు. ‘లెక్కల సారు’, ‘తెలుగు సారు’, ‘పెద్దసారు’ అందురు. ఆ ‘మా’ గమనింపదగినది. పనికొఱకు వచ్చిన రైతు కచ్చేరి సారునకు ముందు ‘మా’ చేర్చడు. మఱియు మన జిల్లాలలో పిల్లలు తమలో తాము ‘మా సారు చెప్పిండు’ అని ఏకవచనమున ననుకొందురు. కొందఱు దీనిని మోటుతనమని యీసడించుకొందురు. మాకట్లు తోపదు. అందు తేలిక లేదు, చనువు గలదు. ఎదుట బహువచనమును, చాటున తిట్టును పొందు సంబోధనకంటె, చాటున గూడ ‘మా’ అనిపించుకొను సంబోధన గొప్పది. బడిలో ‘సారు’ తన పుట్టింటి యర్థమును చాలవఱకు నిలుపుకొన్నది. అచ్చట నది పెద్దయ్యయే.

దీనికి మూడు ఆక్షేపణలు రాగలవు. మొదటిది పండితులది: మాటకు పుట్టుకనాటి యర్థము ప్రమాణము కాదు, వాడుకయే ప్రమాణము అని. నిజమే. లాటినున పెద్దవాడని యర్థము గనుక నేడును అట్లే యుండవలెనని శాసించుట వృథా. కాని మేము వ్యుత్పత్తిని న్యాయమూర్తిగా పిలువలేదు, సాక్షిగా పిలిచితిమి. శిక్షింపదగినది నేటి వాడుకయే. ఒకే గదిలో ఒకడు ‘సారు’, ఇంకొకడు ‘నువ్వు’ అగుట నేటి వాడుక. దానికి లాటిను అక్కఱలేదు, కన్నులు చాలును.

రెండవ యాక్షేపణ: ఇది వట్టి మర్యాద, దీనిపై ఇంత రచ్చ యేల అని. మర్యాద యనునది ఇచ్చి పుచ్చుకొనునది. ఇరువురు ‘మీరు’ అనుకొన్నను, ఇరువురు ‘నువ్వు’ అనుకొన్నను అది మర్యాదయే. ఒకవైపునుండి మాత్రమే నడచినచో దానికి మర్యాదయని పేరు చెల్లదు, కప్పమని చెల్లును.

మూడవది బరువైనది: బీదవాడు ‘సారు’ అననిచో వాని పని కాదు, మీ సంస్కరణమువలన వానికి నష్టమే అని. ఇది సత్యము. అందువలననే ఈ మార్పు బల్లకు ఈవల నిలిచినవానినుండి ప్రారంభము కారాదని మా వాదము. బలహీనుని ధైర్యముపై సంస్కరణభారము మోపుట అన్యాయము. అది బల్లకు ఆవల కూర్చున్నవానినుండి ప్రారంభము కావలెను.

మన రాజ్యాంగము ఈ పనిలో సగము 1950 జనవరి 26ననే చేసినది. దాని 18వ అధికరణము బిరుదులను రద్దు చేసినది; సైనిక, విద్యావిషయక గౌరవములను మాత్రము మినహాయించినది. అంతకు ముందే, 1919లో జలియన్వాలాబాగు మారణకాండకు నిరసనగా రవీంద్రనాథ ఠాకూరు తన ‘సర్’ బిరుదమును వదలుకొన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితునకు 1931లో ‘సర్’ వచ్చినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆయన దానిని వాడుట మానినారు. 1962నుండి ఆయన జన్మదినమగు సెప్టెంబరు 5 ఉపాధ్యాయదినమైనది. దేశము ఆయన ‘సర్’ను మఱచి, ఆయనలోని సారును జ్ఞాపకముంచుకొన్నది. గణతంత్రము ఇట్లు పేరుకు ముందుండు ‘సర్’ను తీసివేసినది గాని, వాకిట వినబడు ‘సర్’ను తాకలేదు.

ఇతరులు కొంత ప్రయత్నించిరి. 2006లో భారత న్యాయవాదుల మండలి, పెద్ద న్యాయస్థానములలో ‘మై లార్డు’ అనవలసిన పని లేదనియు, క్రింది న్యాయస్థానములలో ‘సర్’ గాని, ప్రాంతీయభాషలో దానికి సరియగు మాట గాని చాలుననియు నిర్ణయించినది. కేరళలో పాలక్కాడు జిల్లాలోని మాతూరు గ్రామపంచాయతి 2021లో తన కచ్చేరిలో ‘సర్’, ‘మేడమ్’ అను సంబోధనలు అక్కఱలేదని తీర్మానించినది. 2023 జనవరిలో ఆ రాష్ట్రపు బాలలహక్కుల సంఘము, బడిలో స్త్రీపురుష భేదము లేకుండ ‘టీచరు’ అనియే పిలిపింపవలెనని చెప్పినది. ఇందలి న్యాయము కొట్టివేయదగినది కాదు. మన బడులలో పురుషునకు సారు, స్త్రీకి ఇల్లు గుర్తుచేయు మేడమ్ దక్కుటకంటె ‘టీచరమ్మ’ యను మన యూరి మాటయే మేలు. అయినను ఆజ్ఞలకు హద్దు గలదు. ఫ్రెంచి విప్లవకాలమున ‘మొస్యూ’ను తీసివేసి ‘పౌరుడా’ అని పిలువవలె ననిరి. విప్లవము చల్లారగనే ‘మొస్యూ’ తిరిగి వచ్చినది. ఏలన, మాటను మార్చిరి గాని, ఎవరు ముందు నమస్కరింపవలె నను వాడుకను మార్చలేదు.

కావున మేము నిషేధము కోరము. మేము కోరునవి స్వల్పములు. ప్రభుత్వోద్యోగి, వచ్చినవారు ఎవరైనను, ముందుగా తానే ‘మీరు’ అనవలెను. పెద్దవారిని ‘పెద్దయ్యా’ అని, ‘అమ్మా’ అని, సమవయస్కులను పేరుకు ‘గారు’ చేర్చి పిలువవలెను. నిలిచినవారికి కుర్చీ యుండవలెను. దరఖాస్తు ‘అయ్యా’ అనియో ‘అమ్మా’ అనియో ప్రారంభమై, అడుగున ‘ఇట్లు’ అని, పేరు వ్రాసి, ‘దరఖాస్తుదారు’ అని ముగియవలెను. మేము వృత్తిచేత ఉపాధ్యాయులము. లేఖారచన నేర్పునది బడియే. ‘తమ విధేయుడు’ అను ముగింపు పిల్లల చేతికి వచ్చునది మా తరగతి గదులనుండియే. సెలవుచీటి చివర పేరు, తరగతి వ్రాసిన చాలునని మేము రేపే చెప్పవచ్చును. దానికి ప్రభుత్వపు టుత్తరువు రావలసిన పని లేదు.

చదువరులగు గృహస్థులతో ఒక్క మాట. కచ్చేరిని తప్పుపట్టుట సులభము. మన యింటిలో అంట్లు తోము ఆమె ఏబదియేండ్లది. ఆమె మన కోడలిని ‘మేడమ్’ అనును, మన పదేండ్ల మనుమడు ఆమెను పేరు పెట్టి ‘నువ్వు’ అనును. కారు నడుపు అతడు మనకంటె పెద్ద. మనలను ‘సార్’ అనును. కచ్చేరిలో కూర్చున్న యువకుడు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఇట్టి యిండ్లలో పెరిగి అచ్చటికి పోయినాడు. పెద్దవారిని కుర్చీనిబట్టి కొలుచుట అతడు మన వంటయింటిలోనే నేర్చుకొన్నాడు. మన యూళ్లలో కులము వేఱైనను పెద్దవారిని అవ్వ, తాత, పెద్దయ్య, అక్క, అన్న అని వరుసపెట్టి పిలుచు వాడుక యుండెను. ఆ వాడుకలో గూడ కులపు టెగుడుదిగుడు లుండెనని మేమెఱుగుదుము. క్రిందివాని వరుస పైవాని నోట తఱచుగా రాలేదు. ఆ లోపమును దిద్ది ఆ వాడుకను నిలుపుకొనుట మన వశమున నున్నది. ఆ పిల్లవానిచేత ఆమెను ‘అవ్వా’ యని పిలిపింపుడు. ఆమె వచ్చినప్పుడు లేచి దారి యిమ్మనుడు. వాడు పెద్దయై ఏ బల్ల కావల కూర్చున్నను, సంచి పట్టుకొని వచ్చిన పెద్దయ్యను నిలువబెట్టి మాటలాడ లేడు.